వడ్డేపల్లి నుంచి ఒక సంచి

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఇరుక్కున్న నేలను నడిగడ్డ అంటారు. దాని భూగోళమంతా ఆ పేరులోనే ఉన్నది. ఈ నడిగడ్డలో పేరుమోసిన ఊళ్ళు రెండు. ఒకటి గద్వాల, సంస్థానం రోజుల్లో కవులనూ పండితులనూ ఆదరించి ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్నది. రెండోది అలంపురం, బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయాలు అక్కడ తుంగభద్ర ఒడ్డున ఉన్నాయి. వచ్చిన యాత్రికుడు జోగులాంబకు దణ్ణం పెట్టుకుని, గద్వాలలో ఒక చీర కొనుక్కుని తిరుగు బస్సెక్కుతాడు. వడ్డేపల్లి చూద్దామని ఎవరూ రారు. చుట్టాలుంటే వస్తారు. నాకు అక్కడ మా పెద్దమ్మ కూతురున్నది.

కర్నూలులో బయలుదేరి తుంగభద్ర వంతెన దాటి, అలంపురం చౌరస్తా దగ్గర జాతీయ రహదారిని వదిలి పడమటి దారి పట్టాలి. మునిసిపాలిటీ బోర్డు మీద వడ్డేపల్లి అనే ఉంటుంది గాని, కండక్టరు కేక వేసేది మాత్రం ‘శాంతినగర్’ అని. దారికి అటూ ఇటూ పత్తిచేలు. ఈ పత్తి దూది కోసం వేసింది కాదు, విత్తనం కోసం వేసింది. మొగ్గ విచ్చకముందే అందులోని కేసరాలను గోటితో తీసివేసి, మరునాటి పొద్దున మరో రకం పువ్వు తెచ్చి పుప్పొడి అద్దుతారు. ప్రతి పువ్వుకూ ఇదే తంతు. పొలంలో ఆ వేళ నిలబడి చూస్తే, పూజకు పూలు కోస్తున్నారేమో అనిపిస్తుంది. రాజోలిబండ కాలువ ఈ నేలకు ఆశ. కాగితం మీద దాని ఆయకట్టు 87,500 ఎకరాలు. చివరి పొలాలవారిని అడిగితే వేరే లెక్క చెబుతారు. ఆనకట్ట కర్నాటకలోని రాయచూరు జిల్లాలో ఉన్నది, దాహం ఇక్కడున్నది.

నేను ఈసారి వెళ్ళింది ఒక రాయబారం మీద. ఏమిటయ్యా ఆ రాయబారం అంటే, ఒక గుడ్డసంచి కుట్టించడం.

మా అక్క కొడుకు అమెరికాలో సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు రోజుల్లో ఇంట్లోనే బీరు కాచుకుంటాడట. ఆశ్చర్యపడకండి. అక్కడ అది నేరం కాదు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం, ఇంట్లో ఒక్క పెద్దమనిషి ఉంటే ఏడాదికి వంద గ్యాలన్లు, ఇద్దరు గాని అంతకు మించి గాని ఉంటే రెండు వందల గ్యాలన్లు సొంతానికి కాచుకోవచ్చు, అమ్మరాదు. మన దగ్గర మాత్రం అనుమతి లేకుండా ఇంట్లో మత్తు పానీయం తయారు చేస్తే ఎక్సైజువారు వచ్చి కూర్చుంటారు. కాబట్టి పాఠకులెవరూ దీన్ని వంటింటి చిట్కాగా స్వీకరించనక్కరలేదు.

వాడికి కావలసింది హాప్స్ అనే పువ్వు వేసుకునే పలచని సంచి. హాప్స్ ఒక తీగ. తీగ అంటే మన బీరతీగ కాదు, పద్దెనిమిది అడుగుల ఎత్తున కట్టిన తీగల పందిరిని వేసవి ముగిసేలోపు అందుకుంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయ దీనికి పుట్టిల్లులాంటిది. అమెరికాలో పండే హాప్స్‌లో అధికభాగం అక్కడిదే. వేసవిలో పగలు బాగా పొడుగ్గా ఉండే చోటే ఇది సరిగా పూస్తుంది, అందుచేత నడిగడ్డలో నాటి ప్రయోజనం లేదు. మన దేశంలో హిమాచల ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో పండించారు. ఆడతీగకు కాసే గుత్తులనే వాడతారు. చిన్న ఆకుపచ్చ మొగ్గలాగా, రెక్క మీద రెక్క కప్పుకుని ఉంటుంది. రెక్కల మొదట్లో పసుపుపచ్చని పొడి. చేదూ వాసనా అంతా ఆ పొడిలోనే. వృక్షశాస్త్రం ప్రకారం ఈ తీగ గంజాయి మొక్కకు దగ్గరి చుట్టం. ఈ ఒక్క ముక్క మాత్రం నేను మా అక్కకు చెప్పలేదు.

నానబెట్టి మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో ఊరవేస్తే తియ్యటి నీరు దిగుతుంది. ఆ నీటిలో ఈ పువ్వులు వేసి గంటసేపు మరగబెడతారు. పువ్వులోని చేదు చల్లనీటిలో సరిగా దిగదు. మరిగేకొద్దీ రూపం మారి కరుగుతుంది. వాసన సంగతి తలకిందులు: ఎక్కువ మరిగిస్తే ఆవిరితో పోతుంది. అందుకని చేదు కోసం వేసే పువ్వు మొదటే, వాసన కోసం వేసే పువ్వు పొయ్యి దించే ముందు. కొందరైతే పులిసి చల్లారిన బీరులోనే మళ్ళీ ఒక గుప్పెడు వేసి మూడు నాలుగు రోజులు ఉంచి తీస్తారు. పందొమ్మిది లీటర్ల కాపుకు ఒక్కో విడతకు ముప్ఫై గ్రాములో అరవై గ్రాములో. ఊరికే వేస్తే రెక్కలు విడిపోయి పిప్పి పిప్పిగా గొట్టాలకు అడ్డం పడుతుంది. చిన్న గిన్నెతో కాచుకునేవాడికి కార్ఖానాలో ఉండే సరంజామా ఎక్కడిది? అందుకే సంచి. ఒక్కసారి వాడి పారేసే పలచని సంచులు అంగళ్ళలో దొరుకుతాయి. నైలాను సంచులూ ఉన్నాయి. వీడికి మాత్రం రాజోలి గుడ్డతో కుట్టింది కావాలి, అదీ వాళ్ళమ్మ చేత్తో కుట్టింది.

“మామా, అమ్మ ఫోన్ పెట్టేస్తాంది. నువ్వే పోయి చెప్పాల” అన్నాడు.

ఆమె ఫోన్ ఎందుకు పెట్టేసిందో నాకు తెలియకపోలేదు. ఇంట్లో అడుగు పెట్టి మంచినీళ్ళు తాగకముందే అడిగింది: “వాడు నా చేత సారాయి సంచి కుట్టియ్యాలని చూస్తుండాడా? నువ్వు పాఠాలు చెప్పేవాడివి, నువ్వు కూడా వాడికి తోడా?”

నేను నాకు తెలిసిన దారిలో మొదలుపెట్టాను. తెలుగు ఎమ్మే చదివినవాడికి ప్రతిదానికీ ఒక పాత మాట గుర్తుకు వస్తుంది. ఆయుర్వేదంలో ఆసవాలూ అరిష్టాలూ ఉన్నాయి కదా. మందుదినుసులను కాచి కషాయం తీసి పులియబెట్టింది అరిష్టం, కాచకుండా పులియబెట్టింది ఆసవం అని శార్‌ఙ్గధరుడు భేదం చెప్పాడు. ఈ ద్రవాల్లో బెల్లంతోపాటు ధాతకీ పుష్పం వేస్తారు. పులియడానికి అది తోడ్పడుతుంది. దినుసుల పొడిని గుడ్డలో మూటకట్టి కుండలో వేలాడదీసే పద్ధతి కూడా ఉన్నది. ఆ మూటను పోట్టలి అంటారు. అంగట్లో మనకు కట్టి ఇచ్చే పొట్లం కూడా దీని చుట్టమే అనిపిస్తుంది. రసశాస్త్రంలోనైతే కుండ మూతిమీద ఒక కర్ర అడ్డం పెట్టి, దానికి మూటను వేలాడదీసి, కింద మంట పెడతారు. డోలాయంత్రమని దాని పేరు. సియాటిల్‌లో మా మేనల్లుడు గిన్నె అంచుకు సంచి కట్టి వేలాడదీసేది అచ్చంగా ఇదే. అరిష్టం తాగి ద్రాక్షారిష్టం బాగుందనుకునే ఇళ్ళలో కూడా, అది పులిసిందేననీ అందులో మద్యసారం ఉన్నదనీ ఎవరూ పైకి అనరు.

అక్క అంతా విన్నది. “బాగుంది. మీ బావను అడుగు” అన్నది.

మా బావ అరుగుమీద కూర్చుని ఉన్నాడు. ఆయన సంగతి చెప్పకపోతే ఈ సంచి కథ అర్థం కాదు.

నడిగడ్డలో ఈతచెట్లుండేవి, చెట్టెక్కేవాడుండేవాడు, తెల్లవారి కల్లు దిగేది. మోకు, ముత్తాదు నడుముకు కట్టుకుని ఎక్కిన గౌడు గీసిన చోట లొట్టి కట్టి దిగేవాడు. రాత్రంతా బొట్టుబొట్టుగా కారిన నీరు, గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న పులుపు తగిలి, చెట్టు మీదే నురగ కడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియకుండా తియ్యగా ఉంటుంది, అది నీరా. కిందికి దించాక తేనెటీగలూ చీమలూ తీసేయాలి. అందుకు తాటిమట్ట మొదట్లో వల అల్లినట్టుండే పీచును తెచ్చి లొట్టి మూతికి అడ్డం పెట్టి వంచుతారు. చెట్టు తన వడగట్టు గుడ్డను తానే నేసుకున్నదన్నమాట! మా బావ కుర్రతనంలో అట్లాంటి కల్లు తాగాడు. దానివల్ల ఆయనకేమీ కాలేదని ఆయనే చెబుతాడు, అక్క కాదనదు.

అయితే కల్లుకు ఒక గుణమున్నది: నిలవదు. పొద్దుటి కల్లు సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మరునాటికి పుల్లబడి తాగరానిదవుతుంది. బీరుకు హాప్స్ పువ్వు చేసే ఉపకారం ఇక్కడే. దాని చేదు కొన్ని రకాల సూక్ష్మజీవులను పెరగనివ్వదు. కాబట్టి నిలవ ఉంటుంది. పన్నెండో శతాబ్దంలోనే జర్మనీలో హిల్డెగార్డ్ అనే సన్యాసిని ఈ గుణాన్ని గురించి రాసింది. ఇంగ్లండు నుంచి మన దేశానికి ఓడల్లో నెలల తరబడి వచ్చే బీరు పీపాల్లో పువ్వు మరికాస్త దండిగా వేసేవారు. కల్లుకు అటువంటి పువ్వు దొరకలేదు. చెట్లు తగ్గాయి, తాగేవాళ్ళు తగ్గలేదు. లొట్టెడు కల్లు పది లొట్లు కావాలంటే ఏం చేయాలి? నీళ్ళు, శాకరిన్, ఆపైన మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం. దీనికి జనం పెట్టిన పేరు మందు కల్లు. పేరులో దాపరికమేమీ లేదు.

బావ కూలిపని చేసి అలసి, దగ్గర్లోని ఒక దుకాణంలో రోజూ రెండు సీసాలు తాగేవాడు. ఏ దుకాణమో ఇప్పుడు అనవసరం. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం మందు కల్లు మీద దాడులు ముమ్మరం చేసింది. గద్వాల అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. ఉన్నట్టుండి మందు ఆగిపోయేసరికి నిజామాబాదు, మెదకు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మనుషులు చేతులు వణికి, మూర్ఛలు వచ్చి, లేనివి కనబడి, ఆస్పత్రుల పాలయ్యారు. ప్రాణాలు పోయినవారు కూడా ఉన్నారు. మూడోనాటి రాత్రి బావ గోడమీద పాములున్నాయని కేకలు వేశాడు. అక్క ఆయన్ను కర్నూలు తీసుకుపోయింది. ఈ రకం మందుకు అలవాటుపడ్డవాడు ఒక్కసారిగా మానితే ప్రమాదమనీ, డాక్టరు దగ్గర మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలనీ ఆమెకు అక్కడే తెలిసింది. బయటపడడానికి నెలలు పట్టింది. ఇప్పుడాయన మజ్జిగ తప్ప ముట్టడు. కాని రోగం ఊరు విడిచిపోలేదు. 2025 జూలైలో హైదరాబాదులో, కూకట్‌పల్లి ప్రాంతంలో, కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయిన వార్త వచ్చిన నాడు అక్క టీవీ కట్టేసిందట.

ఇంత జరిగిన ఇంటికి నేను బీరు సంచి మాట మోసుకువెళ్ళాను. బావ కోపగించుకోలేదు. నవ్వి, “గుడ్డదేముందప్పా! నేను తాగిన దాన్ని కూడా వాళ్ళు గుడ్డలోనే వడబోసి ఇచ్చిరి. తెల్లటి గుడ్డ. ఒక్క చీమ రాలేదు” అన్నాడు.

ఆ మాట విని నేను కాసేపు ఊరుకున్నాను. క్లోరల్ హైడ్రేట్ నీటిలో పంచదారలాగా కరిగిపోతుంది. మాత్రల పొడి చిటికెడు చాలు. చీమను ఆపిన గుడ్డ దాన్ని ఆపలేదు. హాప్స్ సంచి కూడా ఆ సూత్రం మీదనే పనిచేస్తుంది: పిప్పి లోపల, సారం బయట.

మరునాడు నేను రాజోలి వెళ్ళాను. అక్క వద్దనలేదు; రమ్మంటే రాలేదు. తుంగభద్ర ఒడ్డునున్న ఈ ఊరు మొన్నమొన్నటిదాకా వడ్డేపల్లి మండలంలోదే. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగినప్పుడు రాజోలీ మునిగింది. మగ్గం గుంటలో నీళ్ళు నిలిస్తే నేతగాడికి ఇల్లు కూలినట్టే. అయినా మగ్గాల చప్పుడు ఇంకా వినబడుతున్నది. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు రకాల పోగులను మగ్గం మీదే మెలివేసి కలుపుతారు. 2010లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

నేను అడిగింది చీర కాదు, రంగు వేయని పలచటి నూలుగుడ్డ గజం. అది దేనికని నేతగాడు అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వకుండా ఆలోచించాడు. “సార్, పలచగా నేస్తే పోగు జరుగుతది. మరిగే నీళ్ళలో మరీ జరుగుతది. ఒక దగ్గర చిల్లు పెద్దదైతదీ, ఒక దగ్గర మూసుకపోతదీ. దగ్గరగా నేస్తే నీళ్ళు పోవు. మీకు నడిమి రకం కావాలె” అన్నాడు. అంతటితో ఆగలేదు. కొత్త గుడ్డలో పడుగుకు పెట్టిన గంజి ఉంటుంది కాబట్టి, రెండుమూడు నీళ్ళలో ఉడకబెట్టి గంజి వదిలించందే వాడవద్దన్నాడు. తరువాత మేనల్లుడు కూడా ఇదే చెప్పాడు. గంజి దిగితే బీరు మసకబారుతుందట.

ఇంటికి వచ్చేసరికి అక్క పొయ్యిమీద నీళ్ళు పెట్టి ఉన్నది. హాప్స్ మన దగ్గర లేదు. చేదు పువ్వు మాత్రం ప్రతి ఇంట్లో ఉంటుంది కదా! ఉగాదికి ఏరి ఎండబెట్టిన వేపపువ్వు డబ్బా తీసింది. “చేసేది ఎట్లనో చేసి చూద్దాం. కుట్టేది లేంది తరువాత” అన్నది. పాత గద్వాల చీర నూలుముక్కతో ఒకటి, రాజోలి గుడ్డతో రెండు, మొత్తం మూడు మూటలు కట్టాం. చిరిగిన దోమతెర ముక్క కూడా ఉన్నది గాని, దోమతెరలకు పురుగుమందు పట్టించి ఉండవచ్చునని దాన్ని పక్కన పెట్టేశాం. ఒక్కోదానికి గుప్పెడు పువ్వు, లీటరు నీళ్ళు, పావుగంట మంట.

చీర గుడ్డ మూటలో నీళ్ళు సరిగా ఆడలేదు. పైన తేలి, గాలి నింపుకుని, బుడగలాగా కూర్చున్నది. నీటికి రంగు లేదు. రాజోలి గుడ్డలో ఒక మూటను నేను బిగించి కట్టాను. పువ్వు నాని ఉబ్బి లోపల ముద్దకట్టింది, నడిమి పువ్వు పొడిగానే ఉన్నది. అదే గుడ్డలో అక్క వదులుగా, మూడోవంతు మాత్రమే నింపి కట్టిన మూట నీళ్ళలో చేపలాగా తిరిగింది. బావ మూడింటినీ రుచి చూశాడు. మూడోది నోట పెట్టుకోగానే ముఖం ముడుచుకున్నాడు. “ఇది పనిచేస్తాంది” అన్నాడు. వంటింట్లో ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో బావ ఏదో తాగి రుచి చెప్పడం, దానికి అక్క నవ్వడం నేను చాలా ఏళ్ళ తరువాత చూశాను.

ఆ రాత్రి మేనల్లుడితో వీడియోలో మాట్లాడాం. మూట తేలిందని చెబితే, అక్కడ సంచిలో ఉడకబెట్టిన గాజు గోలీలు వేస్తారన్నాడు, బరువుకు మునుగుతుంది. సంచి ఎంత మంచిదైనా ఊరికే వేసిన పువ్వంత సారం దిగదు కనుక, పదోవంతు పువ్వు ఎక్కువ వేసుకుంటాడట. వాడిన సంచిని సబ్బుతో ఉతకకూడదు, సబ్బు మిగిలితే నురగ చస్తుంది. వేడినీళ్ళలో జాడించి ఎండలో వేయాలి. పిండిన పిప్పిని కుక్కలకు అందేచోట పారేయరాదు, అది వాటికి విషం. ఈ సంగతులన్నీ వాడు ఉత్సాహంగా చెబుతుంటే, అక్క ఒక్క ప్రశ్న వేసింది.

“దాంట్లో ఏమేం వేస్తావు? అన్నీ చెప్పు. ఒక్కటి దాచినా సంచి లేదు.”

వాడు వేళ్ళు మడిచి చెప్పాడు: బార్లీ, హాప్స్, ఈస్టు, నీళ్ళు. ఇంకేమీ లేదా అంటే లేదన్నాడు. 1516లో బవేరియా ప్రభువులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప మరొకటి కలపరాదని శాసనం చేశారనీ, ఈస్టు అంటే ఏమిటో అప్పటికి తెలియక దాన్ని రాయలేదనీ కూడా చెప్పాడు. బావ అంతవరకూ మాట్లాడలేదు. “అయిదు నూర్ల ఏండ్ల కిందనే రాసుకున్నారా? ఏమేం కలపాలనేది?” అని మాత్రం అడిగి, చాలాసేపు ఆ తేదీనే తలుచుకుంటూ కూర్చున్నాడు.

అక్క కుట్టుమిషను ముందు కూర్చున్నది. పోగులు ఊడి నీళ్ళలో పడకుండా అంచులను లోపలికి రెండు మడతలు వేసి కుట్టింది. మూతికి బొందు ఎక్కించింది. జానెడు వెడల్పు, మూరెడు పొడుగు. నింపేది అందులో మూడోవంతే. నాలుగు కుట్టింది. మూడు వాడికి, ఒకటి తనకు, వేపపువ్వు చారుకు. గంజి వదిలేదాకా ఉడకబెట్టి దండెం మీద ఆరవేస్తూ నాతో అన్నది: “వానికి చెప్పు. కాచిన ప్రతిసారీ ఏమేమేసినాడో కాయితం మీద రాసి, ఫోటో తీసి నాకు పంపాల. వాని సీసాల మీద గూడా రాసి అంటించాల. స్నేహితులు తాగేవి కదా.”

నెల తిరిగేలోగా మొదటి కాగితం ఫోటో వచ్చింది. అక్క దాన్ని బావ చేత చదివించింది. నాలుగు పేర్లే ఉన్నాయి; కింద ఎన్ని గ్రాములో, ఎంతసేపు మరిగించాడో కూడా రాశాడు. హాప్స్ ఎదుట సంచి నంబరు రెండు అని ఉన్నది.